సాధారణ నివాసి

మా నాన్నకి బందరు పార్లమెంటు స్థానం చరిత్ర కంఠతా వచ్చు, ఇంకొకళ్ళ నాన్నలకి విష్ణు సహస్రనామం వచ్చినట్టు. మద్రాసు రాష్ట్రం కింద యాభై రెండులో జరిగిన మొదటి ఎన్నికల దగ్గర్నుంచి ఎవరు నిలబడ్డారో, ఎవరికెన్ని వచ్చాయో, ఎవరికి డిపాజిట్ పోయిందో, ఏ ఊరివాళ్ళు రోడ్డు వెయ్యలేదని ఓటు మానేశారో అన్నీ చెబుతాడు. అడగనివాళ్ళకి కూడా చెబుతాడు. మల్లేశ్వరం, నిడుమోలు అసెంబ్లీ స్థానాలు రద్దయినప్పుడు ఇంట్లో ఎవరో పోయినట్టు రెండ్రోజులు మాట్లాడలేదు. అవనిగడ్డ తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుడివాడలో కొన్నాళ్ళు చేసి, బందరులో ఎన్నికల విభాగం సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. పేరు వెంకటసుబ్రహ్మణ్యం. పేరులో ఉన్నంత ఓపిక మనిషిలో లేదు గానీ, చేతిరాత మాత్రం ముత్యాలే.

నా పేరు సుహాసిని. మున్సిపల్ స్కూల్లో లెక్కలు చెబుతాను. పెళ్ళయింది, రెండేళ్ళకి అదీ అయిపోయింది, ఇరవయ్యేళ్ళుగా బచ్చుపేటలోని ఈ ఇంట్లోనే ఉన్నాను. మా వీధి పోలింగ్ బూత్‌కి బీఎల్‌వోని కూడా నేనే. ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఎవరున్నారో, ఎవరు లేరో రాసుకొచ్చే పని. ఈ పని టీచర్లకే ఎందుకిస్తారంటే, ఇంకెవరికిచ్చినా చెయ్యరు గనక.

ఈ కథ జరిగిన ఎన్నికల నాటికి అమ్మకి పక్షవాతం వచ్చి పదకొండేళ్ళు. కుడివైపంతా పడిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. ఆ పదకొండేళ్ళూ అమ్మని లేపిందీ, కూర్చోబెట్టిందీ, కడిగిందీ, ఒళ్ళు పుండ్లు పడకుండా గంటకోసారి పక్కకి తిప్పిందీ దుర్గ. నేను కాదు. నేను వంట చేసేదాన్ని, మందులు తెచ్చేదాన్ని, అమ్మని బాగా చూసుకుంటున్నానని స్కూల్లో అందరి చేతా అనిపించుకునేదాన్ని.

దుర్గది మంగినపూడి దాటాక ఇసకపాలెం. చేపలు పట్టేవాళ్ళ ఊరు. మొగుడు వేటకెళ్ళి రాలేదు, అది మా ఇంటికి రాకముందు సంగతి. ఊళ్ళో ప్రభుత్వ స్థలంలో రెండు సెంట్ల మీద తాటాకు గుడిసె ఉంది. నెలకో ఆదివారం పొద్దున బయల్దేరి వెళ్ళి, గుడిసె ముందు ఊడ్చుకుని, ఆడబిడ్డ చేతి చేపల పులుసు తిని, దీపాలవేళకి వచ్చేసేది. రాగానే పెరట్లో స్నానం చేసి గాని లోపలికి రాకూడదు, అది అమ్మ పెట్టిన రూలు. మా ఇల్లంతా రూళ్ళే.

ఆ గుడిసెకి ఎప్పటికైనా పట్టా వస్తుందని దుర్గకి ఒకటే ఆశ. అమ్మ పోయాక అని అనేది కాదు, “రేపెప్పుడన్నా” అనేది. రేపెప్పుడన్నా అక్కడ చిన్న గది వేసుకోవాలి, తలుపు తీస్తే సముద్రం కనబడాలి, ఎవరి అనుమతీ లేకుండా రెండు పూటలా చేప వండుకోవాలి. ఈ మాట చెబుతున్నప్పుడల్లా అమ్మ కాలు నొక్కుతూనే ఉండేది. అమ్మ నవ్వేది, మూతి ఒక పక్కకే కదిలేది.

ఆ ఏడు ఎన్నికల హడావుడి మాఘమాసంలోనే మొదలైంది. పూర్వం ఎన్నికలొస్తే మా అరుగు ఖాళీ ఉండేది కాదు. అన్ని పార్టీల వాళ్ళూ వచ్చేవాళ్ళు, విలేకరులొచ్చేవాళ్ళు, నాన్న చెబుతుంటే రాసుకునేవాళ్ళు, నేను కాఫీలు కలపలేక చచ్చేదాన్ని. ఈసారి ఎవరూ రాలేదు. సర్వే కంపెనీల పిల్లలు చేతిలో పలకల్లాంటివి పట్టుకుని వీధిలో తిరిగారు గానీ, మా ఇంటి ముందు ఆగి అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇంట్లో ఓట్లెన్ని అని. నాన్న రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని పదింటికల్లా అరుగు మీద కూర్చునేవాడు. ఒంటిగంటకి లోపలికొచ్చి అన్నం తినేవాడు. ఈ ఊరికి చరిత్ర అంటే గౌరవం పోయిందని రోజుకో మాట తిట్టేవాడు. నాకు జాలేసేది, కొంచెం సంతోషంగానూ ఉండేది. ఏళ్ళ తరబడి ఒక మనిషి మాటలు విన్నవాళ్ళకి ఆ సంతోషం అర్థమవుతుంది.

అలాంటప్పుడు వచ్చాడు చిన్నబాబు. కృత్తివెన్ను వైపు రైతు, ఒకప్పుడు వరి, ఇప్పుడు రొయ్యల చెరువులు. ఏ పార్టీ అని అడక్కండి, ఈ పాతికేళ్ళలో ఆయన ఉండని పార్టీ లేదు. తెల్ల చొక్కా, తెల్ల కారు, నోరు తెరిస్తే బాబాయిగారు. నాన్న మొదలుపెట్టిన చరిత్ర గంటసేపు కదలకుండా విన్నాడు. నాన్న మాట గంటసేపు వినేవాడికి చెవుడైనా ఉండాలి, పనైనా ఉండాలి. చిన్నబాబు చెవులు బాగానే పనిచేస్తాయి.

ఇంత చరిత్ర నాన్నతోనే పోకూడదన్నాడు. పుస్తకం వేద్దామన్నాడు. గుడివాడలో జరిగే పెద్ద సభలో తమ అభ్యర్థి చేత విడుదల చేయిద్దామన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ వెలుగులోనే నాన్న ఎవరూ అడక్కుండా ఇసకపాలెం సంగతి ఎత్తాడు. మొదట్నుంచీ ఆ బూత్‌లో చిన్నబాబు వాళ్ళ వైపుకి నూటికి పది ఓట్లు దాటలేదని, ఏ ఏడు ఎన్నో అంకెలతో సహా అప్పజెప్పాడు. తెలిసింది దాచుకోవడం ఆయనకి చేతకాదు.

“అదేనండీ బాబాయిగారూ, ఆ జాబితా అంతా తప్పుల తడక” అన్నాడు చిన్నబాబు. “చచ్చినవాళ్ళూ, వలసపోయినవాళ్ళూ అందరూ ఉన్నారు. మీలాంటివారు ఒక్కసారి చూసి శుద్ధి చేస్తే, ఎవరూ వేలెత్తి చూపరు. ఏడో నంబరు ఫారాలు మావాళ్ళే నింపుతారు. మీరు సంతకాలు పెడితే చాలు.”

ఏడో నంబరు ఫారం అంటే ఫలానా మనిషి ఓటు తీసెయ్యండని అడిగే కాగితం. ఆ అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటున్నవాళ్ళెవరైనా పెట్టొచ్చు. శుద్ధి అన్న మాట వినగానే నాన్న ఇంకేమీ వినలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన బాధ అదే, దొంగ ఓట్లూ దొడ్డిదారి ఓట్లూ లేని జాబితా ఒక్కటైనా చూడకుండా పోతానేమోనని. ఇది పార్టీ పని కాదు, ధర్మం పని అని ఆయన లెక్క. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మర్నాడు మధ్యాహ్నం పెరటి వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఒళ్ళో ఇసకపాలెం జాబితా, చేతిలో ఎర్ర ఇంకు పెన్ను. కింద దుర్గ కొత్త చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తోంది. అమ్మ మంచం తలుపు పక్కనే. నాన్న ఒక్కొక్క పేరే చదివాడు, ఫలానా మనిషి ఇప్పుడెక్కడ ఉన్నాడని అడిగాడు.

పదకొండేళ్ళలో నాన్న దుర్గని నీళ్ళు తెమ్మని తప్ప ఇంకేమీ అడిగి ఎరగడు. అలాంటి పెద్దమనిషి తన ఊరి గురించి తననడుగుతుంటే దుర్గ పొంగిపోయింది. ఎవరి కొడుకు విశాఖపట్నం బోట్ల మీదకి వెళ్ళాడో, ఎవరి కుటుంబం పరదీప్ రేవులో ఎండుచేపల పనికి పోయి పండక్కి మాత్రం వస్తుందో, ఏ ముసలమ్మ ఏ తుపానుకి పోయిందో, ఏ పిల్ల నాగాయలంక కోడలైందో వరసపెట్టి చెప్పింది. ఎవరి పేరైనా తప్పు చదివితే దిద్దింది కూడా. ఒకడి గురించి అయితే వాడి ముత్తాత నుంచి మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి ఏదో పండగ చేసుకుంటున్నట్టు ఉన్నారు. మా నాన్నకి తన చరిత్ర ఎంత ముద్దో దుర్గకి తన ఊరు అంత ముద్దని నాకు ఆవేళే తెలిసింది.

చివరి పేజీలో ఒకచోట నాన్న ఆగాడు. ఆ పేరు పైకి చదవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“నువ్వెక్కడుంటున్నావు దుర్గా?”

దుర్గ నవ్వింది. “అదేం ప్రశ్నండీ బాబుగారూ. పదకొండేళ్ళ నించీ మీ ఇంట్లోనే కదండీ ఉంటన్నాను.”

“ఊళ్ళో ఆఖరుసారి ఎప్పుడు పడుకున్నావు?”

“అమ్మగారినొదిలేసి అక్కడెందుకు పడుకుంటానండి. పొద్దున ఎళ్ళి సందేళకి వచ్చేత్తాను కదా.”

నాన్న తలూపి రాసుకున్నాడు. దుర్గ మళ్ళీ చింతపండు మీదకి వంగింది.

నేను కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. రూలు నాకూ తెలుసు. మనిషి మామూలుగా ఎక్కడ ఉంటుందో, ఎక్కడ తిని పడుకుంటుందో ఓటు అక్కడే ఉండాలి. దానికి మా కాగితాల్లో సాధారణ నివాసి అని పేరు. ఇసకపాలెంలో దుర్గ సాధారణ నివాసి కాదు. ఆ ఒక్క గీత అన్ని ఆఫీసులకీ పాకుతుందని కూడా తెలుసు. పట్టా కోసం వచ్చేవాళ్ళు ముందు చూసేది ఓటర్ల జాబితానే. ఇదంతా ఆ గడపలో నిలబడి ఉండగానే నా బుర్రలోకి వచ్చింది. నేను కాఫీ చల్లారిపోతోందని చెప్పాను.

మర్నాడు పొద్దున స్కూలుకెళ్ళే ముందు అడిగాను, దుర్గ పేరు కూడా పెట్టావా నాన్నా అని. నేను రాసింది అబద్ధమా అన్నాడు. కాదన్నాను. మరింకేమిటి అన్నాడు. నాకు బస్సు టైమైంది. మొత్తం అరవై ఒక్క ఫారాలు, అరవై ఒక్క ముత్యాల్లాంటి సంతకాలు.

నోటీసులు రూలు ప్రకారమే వెళ్ళాయి, ఇసకపాలెం చిరునామాలకి. ఇంట్లో లేనివాళ్ళకి పంపిన నోటీసులు ఇంట్లో ఎవరూ తీసుకోలేదు. దుర్గ గుడిసెకి తాళం వేసి ఉంది, కాబట్టి తలుపుకి అంటించి పోయారట. ఆ నెల అమ్మకి జ్వరం తగిలి దుర్గ ఆదివారం వెళ్ళలేదు. విచారణ కూడా అయిపోయింది.

ఫాల్గుణంలో ఒకరోజు పొద్దున్నే దుర్గ ఆడబిడ్డ సత్యవతి వచ్చింది. గేటు బయటే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. పట్టాలకి పేర్లు రాసుకోవడానికి ఊళ్ళోకి మనుషులొచ్చారని, ఓట్ల జాబితా చేతిలో పెట్టుకునే రాశారని, ఎవరి ఓట్లు తీసేశారో వాళ్ళ గుడిసెలన్నీ ఖాళీ స్థలాల కింద రాసుకుపోయారని చెప్పింది. ఆవిడ కొడుకులిద్దరూ బోట్ల మీదకెళ్ళారు, వాళ్ళ గుడిసెలూ అందులోనే. దుర్గది సరేసరి.

“అరవై ఒక్కమందొదినా” అంది సత్యవతి. “ప్రతి కాయితం మీదా మీ బాబుగారి సంతకమే. ఎవరెక్కడికెళ్ళారో, ఎవరింట్లో ఎవరు సచ్చారో ఈయనకెవరు చెప్పారు? సముద్రం చెప్పిందా?”

నేను గేటు ఇవతల తులసికోట దగ్గర నీళ్ళు పోస్తున్నాను, పోస్తూనే ఉన్నాను, కుండీ పొంగి కాళ్ళ మీదకొచ్చింది.

“ఇంక ఆదివారాలు రామాకు” అని సత్యవతి వెళ్ళిపోయింది. అరవలేదు, తిట్టలేదు. దుర్గ గేటు వేసి లోపలికొచ్చింది. అమ్మని పక్క మార్చే టైము దాటిపోయిందని గుర్తొచ్చి వెళ్ళి మార్చింది. తర్వాత నాన్న దగ్గరికొచ్చి, నా పేరు కూడానా బాబుగారూ అని ఒక్కసారే అడిగింది. నాన్న అరగంటసేపు చట్టం చెప్పాడు. ఏ సెక్షనో, అది ఎప్పటి నుంచి ఉందో, దాని మీద ఏ కోర్టు ఏమన్నదో అన్నీ విడమరిచి చెప్పాడు. ఒక్క ముక్క తప్పు లేదు. దుర్గ నిలబడి అంతా వింది.

నాలుగు రోజులకి నా దగ్గరికొచ్చింది. ఇసకపాలెంలో మళ్ళీ రాయించమంది. అది నా బూత్ కాదన్నాను, అది నిజమే. అయితే ఇక్కడే రాయమంది, ఈ ఇంటి నంబరు మీద. వీధి చివర జిరాక్స్ షాపులో, కొత్తగా ఓటు రాయించుకునే ఆరో నంబరు ఫారం నింపించి, నాలుగు మడతలు పెట్టి తెచ్చుకుంది. ఓటంటే సరదా కొద్దీ కాదు, తనెక్కడో ఒకచోట ఉన్నట్టు ఒక కాగితం లేకపోతే రేపు ఏ ఊళ్ళోనైనా తలదాచుకోవడానికి జానెడు చోటు ఎవరిస్తారని. అలా చెప్పిందని కాదు, నాకు తెలుసు.

చట్టప్రకారం ఆ ఫారం నేను తీసుకోవాలి. పదకొండేళ్ళుగా ఈ కప్పు కింద తిని పడుకుంటున్న మనిషి ఈ ఇంటి సాధారణ నివాసి కాకపోతే ఇంకెవరు? ఇసకపాలెంలో లేదని నాన్న సంతకం పెట్టింది ఆ ఆధారం మీదే. నాన్న పేపరు దించి నావైపు చూశాడు. ఆయన ఒక్క మాట అని ఉంటే ఈ కథలో పాపం ఆయన మీదకి తోసేదాన్ని. అనలేదు. నేనే అన్నాను.

“ఈ నంబరు మీద కుదరదు దుర్గా. నువ్విక్కడ పనికుంటున్నావు, కాపురం ఉండటం లేదు.”

పక్క వీధి మల్లికార్జునరావు గారు వెనక వాటాలో ఉన్నవాళ్ళకి ఇంటి నంబరు మీద ఓటూ, రేషన్ కార్డూ రాయించుకోనిచ్చారు. తర్వాత ఇల్లమ్ముదామంటే వాళ్ళు కదల్లేదు. తొమ్మిదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగి ఆయన పోయాడు, వాళ్ళింకా ఉన్నారు. బచ్చుపేటలో ఇల్లున్న ప్రతివాళ్ళకీ ఆ కథ తెలుసు. ఈ ఇల్లు నాన్న తర్వాత నాది. అమ్మ ఒళ్ళు కడిగిన మనిషి రేపు ఇంట్లో వాటా అడుగుతుందేమోనని నేను భయపడ్డాను. ఆ భయం పైకి చెప్పలేక రూలు చెప్పాను. అసలు దుర్గకి అలాంటి ఆలోచన వచ్చి ఉంటుందని ఇప్పుడూ అనుకోను. సరేనమ్మా అని ఫారం బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది. నేను దాని మడతైనా విప్పలేదు.

నాన్న పుస్తకం వచ్చింది. పుస్తకం అంటే పదహారు పేజీల కరపత్రం, అట్ట మీద అభ్యర్థి ఫోటో, వెనక అట్ట మీద చిన్నబాబు ఫోటో. నాన్న పేరు లోపల ఎక్కడో చివర్న, అది కూడా వెంకటసుబ్బయ్య అని పడింది. గుడివాడ సభకి నాన్నని కారులో తీసుకెళ్ళారు. ఎండ మండిపోతోంది, జనం ఆ కరపత్రాలతో విసురుకుంటున్నారు, కొందరు కుర్చీ కాలిపోతుంటే వాటినే పరుచుకు కూర్చున్నారు. డెబ్భై ఏళ్ళ బందరు పార్లమెంటు చరిత్ర మీద జనం కూర్చోవడం నాన్న కళ్ళారా చూశాడు. వేదిక మీదకి పిలవలేదు. వచ్చేటప్పుడు కారు కూడా దొరకలేదు, బస్సెక్కి వచ్చాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. దుర్గ మాత్రం నవ్వలేదు, నీళ్ళు తెచ్చిచ్చి కాళ్ళు కడుక్కోమంది. నాన్న ఆ గ్లాసు అందుకున్నాడు గానీ ఆమె మొహంలోకి చూడలేదు. ఆయన సిగ్గుపడ్డ ఒకే ఒక్క నిమిషం అదేనని అనుకుంటున్నాను. అది కూడా దుర్గ సంగతికి కాదేమో, సుబ్బయ్య అయినందుకేమో.

పోలింగు వైశాఖంలో పడింది. అమ్మ ఇంట్లోనే ఓటు వెయ్యొచ్చు, కానీ నాన్న ఒప్పుకోలేదు. మా అమ్మ నాగేంద్రమ్మ అనే ఓటరు పద్దెనిమిదేళ్ళ చట్టం రాకముందు నుంచీ, అంటే ఇరవై ఒకటికి ఓటొచ్చిన రోజుల్నుంచీ ఒక్కసారి కూడా బూత్‌కి వెళ్ళకుండా లేదట. కాబట్టి చక్రాల కుర్చీ తెప్పించారు. ఏడింటికే దుర్గ అమ్మకి స్నానం చేయించి, జడ వేసి, పట్టుచీర కట్టి, స్కూలు దాకా తోసుకొచ్చింది. నేను బూత్ బయట బల్ల వేసుకుని జాబితాలో నంబర్లు చూసి చీటీలిస్తున్నాను. లోపల అమ్మ ఎడమ చూపుడువేలికి ఇంకు పెట్టారు. పెట్టినాయన అలవాటు కొద్దీ దుర్గ చెయ్యి కూడా పట్టుకుని, చీటీ ఏదమ్మా అన్నాడు.

“నాది లేదండి. నేను తోసుకొచ్చినదాన్ని.”

నాదాకా వినబడింది. బయటికొచ్చాక అమ్మ నన్ను చూసి ఏదో చెప్పబోయింది. మెడ తిప్పి దుర్గ వైపు చూపించింది, ముద్దమాట నోట్లోనే తిరిగింది, కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. ఏమిటమ్మా అన్నాను, అర్థమయ్యే అన్నాను. వెనక వరసలో జనం తోసుకొస్తున్నారు. తర్వాతి నంబరు చెప్పండని పిలిచాను.

జూన్‌లో లెక్కింపు జరిగింది. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో పేపర్లలో అందరూ చూశారు. నేను చూసింది మెజారిటీ అంకె ఒక్కటే. ఆ అంకెకి అరవై ఒకటి కలిపినా ఒకటే, తీసినా ఒకటే. ఇసకపాలెం ఓట్లు ఎవరినీ గెలిపించలేదు, ఎవరినీ ఓడించలేదు. చిన్నబాబుకి ఫోన్ చేసి నాన్న ఈ మాటే చెప్పాడట. ఎన్నికలన్నాక అన్ని జాగ్రత్తలూ తీసుకోవాలి కదండీ బాబాయిగారూ అన్నాడట ఆయన.

తొలకరి పడిన వారానికి అమ్మ పోయింది. దుర్గ ఒళ్ళోనే పోయింది, నేను స్కూల్లో ఉన్నాను. కర్మకాండంతా అయిందాకా దుర్గ పెరట్లోనే ఉంది, బంధువుల అంట్లు తోమింది, ఆవిడకి తెలిసిన చావుల్లో అదొకటి అన్నట్టు పెద్దగా ఏడవలేదు. ఏడ్చింది నేనే. వచ్చినవాళ్ళందరూ పదకొండేళ్ళు సేవ చేసిన కూతురని నన్ను మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

శుభస్వీకారం అయిన మర్నాడు నాన్నా నేనూ మాట్లాడుకున్నాం. ఇద్దరు మనుషులకి ఇంట్లో ఉండే పనిమనిషి ఎందుకు, అంట్లకి ఓ గంట వచ్చిపోయే మనిషి చాలు. అంతకుమించి ఆ సంగతి మేం మాట్లాడలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడానికి పెద్ద చర్చ అక్కర్లేదు. నాన్న దుర్గని పిలిచాడు. అమ్మ చీరలు నాలుగూ, ఒక కవరూ నా చేత ఇప్పించాడు.

“అమ్మగారి ఋణం తీరిపోయింది దుర్గా. ఇంక మీ ఊరెళ్ళి సుఖంగా ఉండు” అన్నాడు.

“ఏ ఊరండీ?” అంది దుర్గ.

కోపంగా అనలేదు. వెటకారమూ కాదు. చట్టం తెలిసిన మనిషి కదా, తనకో ఊరు ఉందంటున్నాడు కదా, అదేదో చెబితే వెళ్దామన్నట్టు నిజంగానే అడిగింది. చేతులు కట్టుకుని జవాబు కోసం నిలబడింది.

“అదేమిటి, ఇసకపాలెం” అన్నాడు నాన్న.

మరిచిపోయి అన్నాడా అంటే, ఆయన ఏదీ మరిచిపోడు. దుర్గ ఆయన వైపూ నా వైపూ చూసింది. నేనప్పుడైనా నోరు తెరవొచ్చు. ఇక్కడే ఉండు అన్న రెండు మాటలు ఎంత సేపు? నా గొంతు దాకా వచ్చాయి. ఇంటి నంబరూ, కోర్టూ, మల్లికార్జునరావు గారూ కూడా వచ్చారు. చీరలు సంచిలో సర్దడానికి వంగాను.

ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. ఒక ట్రంకు పెట్టె, ఒక సంచి. ఆటో వాడు ఎక్కడికని అడిగితే బస్టాండుకంది. బస్టాండు నుంచి అవనిగడ్డకీ గుడివాడకీ కృత్తివెన్నుకీ అన్నివైపులకీ బస్సులున్నాయి. ఏ బస్సు ఎక్కిందో నాకు తెలియదు. గేటు దగ్గర నుంచి అడిగి ఉంటే చెప్పేది.

ఆ ఏడాది చివర్న మళ్ళీ జాబితాల సవరణ వచ్చింది. నేను మా వీధంతా తిరిగి, ఆఖర్న మా ఇంటి ముందుకొచ్చి ఇద్దరు అని రాసుకున్నాను. ఆ రోజు స్కూలు కంప్యూటర్ ముందు కూర్చుని దుర్గ కోసం వెతికాను. బందరు పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీలు ఉన్నాయి, ఏడింటిలోనూ వెతికాను. దుర్గ పేరుతో ఎన్ని వందలమంది ఉన్నారో చెప్పలేను. అందులో మా దుర్గ ఎవరో తేల్చాలంటే భర్త పేరు కొట్టాలి. ఆమె మొగుడి పేరు నాకు తెలియదు. వాళ్ళలో ఆడవాళ్ళు ఆ పేరు నోటితో అనరు, మాలోనూ అంతే. పదకొండేళ్ళలో నేనూ అడగలేదు. ఆయన, మా ఆయన, సముద్రం మింగేసిన మా ఆయన, అంతే మా ఇంట్లో ఆ మనిషి పేరు.

నాన్నకి తెలుసు. ఆ జాబితాలో చూసి ఉంటాడు, ఇంటి పేరుతో సహా గుర్తుండి ఉంటుంది. అడిగితే టక్కున చెబుతాడు. నేనింకా అడగలేదు.